పందెములును పెంపకమును

పలనాటివారికి పందెము క్రొత్త కాదు. పండ్రెండవ శతాబ్దమున ఒక కోడిపందెము ఈ సీమను రెండుగా చీల్చి, ఓడినవారిని ఏడేండ్ల వలసకు పంపి, తుదకు కార్యమపూడి రణరంగమునకు దారితీసినదని మన వీరగాథ చెప్పుచున్నది. నేటికిని సంక్రాంతి వచ్చినను, కోటప్పకొండ తిరునాళ్లు వచ్చినను ఊరికిని ఊరికిని నడుమ ఎడ్ల బలమునందో, ప్రభల ఎత్తునందో పోటీ తప్పదు. అయితే బండలాగుడు పోటీలు నడపు పెద్దలు పాటించు నియమ మొకటి గలదు. దానిని పట్టణవాసులు అంతగా గమనింపరు. జోడు బరిలో దిగకముందు గిత్త నోరు తెఱచి పండ్లు చూతురు. పాలపండ్ల విభాగము వేఱు, రెండుపండ్లది వేఱు, నాలుగుపండ్లది, ఆఱుపండ్లది వేఱు. పాలపండ్ల దూడకు ముదురుజోళ్లు లాగెడు బండను ఎవ్వరును కట్టరు. కట్టినచో ఆ దూడ ఆనాడు ఓడుటతో పోదు. మఱల కాడిక్రింద మెడ పెట్టుటకే జంకును.

ఈ నియమము నిప్పుడు స్మరింపవలసివచ్చుటకు కారణము గలదు. మన నడుమకు క్రొత్తరకపు పందెము వచ్చియున్నది. దానిని స్టార్టప్ పోటీ యందురు. ఇదివఱకు లేని వస్తువునో, సేవనో, పద్ధతినో కనిపెట్టి, అనతికాలముననే వేలమందికి అందింపదలచు చిన్న సంస్థకు మన పత్రికలు అంకురసంస్థ యని పేరిడినవి. పేరు బాగుగనే యున్నది. అట్టి సంస్థలను స్థాపింపగోరు యువకులు తీర్పరులయెదుట నిలిచి, ఐదు పది నిమిషములలో తమ ఆలోచనను వివరింతురు. తీర్పరులు ప్రశ్నలడుగుదురు. గెలిచినవారికి కొంత ధనము, ఒక బిరుదుపత్రము, ఒక ఛాయాపటము లభించును. 2016వ సంవత్సరము జనవరి 16వ తేదీన కేంద్రప్రభుత్వము స్టార్టప్ ఇండియా యను కార్యక్రమమును ఆరంభించినది మొదలు ఈ పోటీలు కళాశాలలన్నిట వ్యాపించినవి. 2017లో మొదలైన స్మార్ట్ ఇండియా హాకథాన్‌లో ప్రభుత్వశాఖలు సమస్యల నిచ్చును. విద్యార్థులు 36 గంటలు ఒక్కచోట కూర్చుండి వానికి పరిష్కారములు వెదకుదురు. నరసరావుపేటలోని ఇంజనీరింగు కళాశాలల పిల్లలకును ఈ మాటలన్నియు కంఠస్థములే.

2025 ఆగస్టు 20వ తేదీన మంగళగిరిలో రతన్ టాటా ఇన్నొవేషన్ హబ్ ప్రారంభమైనది. దానికి విశాఖపట్టణము, రాజమహేంద్రవరము, తిరుపతి, అనంతపురము మొదలగు అయిదుచోట్ల ఉపకేంద్రము లేర్పఱచిరి. ఇంటికొక పారిశ్రామికవేత్త యను నినాదమును రాష్ట్రప్రభుత్వము చేపట్టినది. నినాదము ఘనమైనది. అయితే మాచర్ల, గురజాల ప్రాంతములయందలి ఇంటింట ఈ పారిశ్రామికవేత్త ఎట్లు పుట్టును, పుట్టినవానిని ఎవరు పెంతురు అను ప్రశ్నకు పోటీలు మాత్రమే సమాధానము కాజాలవు. ఇట్టి కేంద్రములను ఆంగ్లమున ఇంక్యుబేటరు అందురు, అనగా పొదుగుయంత్రము. కోడిపందెములయందు చేయితిరిగిన మనకు ఒకరు చెప్పనక్కఱలేదు: గ్రుడ్డు ఇరువదియొక్క దినము వెచ్చగా నుండనిదే పుంజు లేదు, పుంజు లేనిదే పందెము లేదు. మనమిప్పుడు గ్రుడ్లను బరిలోనికి దింపి, ఏది గెలుచునా యని చూచుచున్నాము.

పందెమునకును పెంపకమునకును గల ఈ భేదమును ఐరోపాఖండము చాలకాలముక్రిందటనే చవిచూచినది. 1714లో ఇంగ్లండు పార్లమెంటు ఒక మహాపందెమును ప్రకటించెను. నడిసముద్రమున ఓడ ఏ రేఖాంశముపై నున్నదో తెలిసికొను ఉపాయము కనిపెట్టినవారికి 20,000 పౌనులవఱకు బహుమాన మిత్తుమనిరి. జాన్ హారిసన్ అను వడ్రంగి, గడియారములు చేయుట తనంతతాను నేర్చినవాడు, ఓడ ఎంత ఊగినను తప్పుగా నడువని గడియారము చేసినచో ఈ చిక్కు తీఱునని నమ్మి, 1730 ప్రాంతమున లండనునకు వచ్చెను. ఖగోళశాస్త్రజ్ఞుడైన హాలీ అతనిని జార్జి గ్రాహము అను గడియారపు నిపుణునియొద్దకు పంపెను. గ్రాహము ఆ వృత్తియందు నాటి లండనునగరమున మేటి. పల్లెనుండి వచ్చిన యీ వడ్రంగి తనకు పోటీ యగునేమో యని ఆయన తలుపు మూయలేదు. ఉదయము 10 గంటలకు మొదలిడిన సంభాషణ రాత్రి 8 గంటలవఱకు సాగినదనియు, భోజనమును అచ్చటనే యైనదనియు హారిసనే తరువాత చెప్పుకొనెను. అంతట గ్రాహము తాకట్టు లేక, వడ్డీ లేక అతనికి ధనమిచ్చి పంపెను.

మొదటి గడియారము 1735 నాటికి సిద్ధమయ్యెను. 1737లో బహుమాన సంఘము మఱియొక గడియారము చేయుటకై 500 పౌనుల సాయమునకు అంగీకరించెను. నాలుగవ గడియారము 1761లో ఓడయెక్కి జమైకా ద్వీపమునకు పోయెను, పరీక్షకు నిలిచెను. ఐనను తీర్పరులకు సంశయము తీఱలేదు. 1764లో మఱల పరీక్ష. 1765లో 10,000 పౌనులు. తక్కినది ఎంత వేడినను ఈయరైరి. తుదకు రాజు కలుగజేసికొనిన పిమ్మట 1773లో పార్లమెంటు 8,750 పౌనుల నిచ్చెను. అప్పటికి హారిసన్ వయస్సు 80 సంవత్సరములు. పందెమే లేకున్న హారిసన్ లండనునకు వచ్చియుండడేమో, ఆమాట నొప్పుకొనవలయును. కాని ఆ బహుమానపు సొమ్ముతో అతడు గడియారము చేయలేదు. గ్రాహము ఇచ్చిన అప్పుతోను, గ్రాహము చూపిన ఆదరముతోను చేసెను. బహుమానము ముసలితనమున వచ్చినది. మార్గదర్శి అవసరమున దొరకెను.

మన కాలమున ఐరోపీయులు ఈ రెంటిని ఒకచోట కలుపుటకు యత్నించిరి. 2007లో లండనునగరమున సీడ్‌క్యాంపు అను సంస్థ వెలసినది. దానిని స్థాపించినవారిలో భారతీయ సంతతికి చెందిన రేష్మా సొహోనీ యొకరు. ఏటేట యువసంఘములను ఎన్నికచేసి, ఒక వారముపాటు వ్యాపారులు, న్యాయవాదులు, శిల్పులు, ధనికులు మొదలగువారితో కూర్చుండబెట్టిరి. ఎన్నికైనవారికి స్వల్పమూలధనమిచ్చి, అందుకు మాఱుగా సంస్థలో చిన్నభాగము పుచ్చుకొనిరి. వారు లండనులోనే కూర్చుండి రండని పిలువలేదు. లుబ్లియానా, జాగ్రెబు, పారిసు, బెర్లిను మున్నగు నగరములకు తామే పోయి పోటీలు పెట్టిరి. ఇది మంగళగిరివారు ప్రత్యేకముగా గమనింపదగిన విషయము.

ఆ సంస్థ తొలినాళ్లలో చేయూతనిచ్చినవారిలో ఎస్తోనియా దేశీయులిద్దరు గలరు. లండనులో కాపురముండుచు ఒకడు యూరోలలో జీతము పుచ్చుకొనుచుండెను. వేఱొకనికి పౌనులలో జీతము, స్వదేశమున ఇంటి అప్పు. బ్యాంకులకు మారకపు రుసుము చెల్లింపలేక, నీ యూరోలు నాకిమ్ము, నా పౌనులు నీకిత్తునని మార్చుకొనిరి. ఆ ఇరువురి సర్దుబాటే 2011లో ట్రాన్స్‌ఫర్‌వైజ్ అను సంస్థ యైనది. 2021 జూలైలో అది వైజ్ అను పేర లండను స్టాకు ఎక్స్‌ఛేంజిలో ప్రవేశించునాటికి దాని విలువను రమారమి 800 కోట్ల పౌనులుగా అంగడి కట్టినది. వారి ఆలోచన ఏ పోటీలోను పుట్టలేదు. తమ జేబులలోని బాధనుండి పుట్టినది. పోటీలు, మార్గదర్శులు, మూలధనము ఇచ్చువారు తరువాత వచ్చి దానిని పెంచిరి.

తెలుగుదేశమునను ఉదాహరణములకు కొదువ లేదు. 2015 నవంబరులో హైదరాబాదు గచ్చిబౌలిలో టీ-హబ్ వెలసినది. 2022 జూను 28న దానికి ఐదున్నరలక్షల చదరపుటడుగులకు మించిన నూతనభవన మేర్పడినది. 2023 మార్చిలో దాని పొరుగున టీ-వర్క్స్ అను శిల్పశాల తెఱచిరి. అందు యువకులు తమ ఊహలోని యంత్రమును చేతులార చేసి చూచుకొనవచ్చును. మా యభిప్రాయమున భవనముకన్న ఈ శిల్పశాలయే విలువైనది. కాగితముమీద పనిచేయని యంత్రము లేదు గదా!

హైదరాబాదులోనే 2015లో కప్పగంతుల కౌశిక్, మొక్కపాటి సత్యరఘు మొదలగువారు ఖేతీ అను సంస్థను స్థాపించిరి. చిన్నకమతపు రైతునకు తగిన చిన్న గ్రీన్‌హౌసును, అనగా వలలతో కప్పిన పందిరిని, చౌకగా నిర్మించుట వారి ప్రయత్నము. 2022 డిసెంబరు 2న అమెరికాయందలి బోస్టను నగరమున వారికి ఎర్త్‌షాట్ బహుమానము ప్రకటింపబడినది. మొత్తము 10 లక్షల పౌనులు. ఆరుబయటి సేద్యముకన్న 98 శాతము తక్కువనీటితో, ఏడురెట్లు పంట ఆ పందిరిక్రింద పండునని బహుమాన మిచ్చినవారు చెప్పిరి. ఆ అంకెలకంటె మాకు ముఖ్యముగా తోచున దొకటి గలదు. బహుమానము వచ్చులోపల ఏడేండ్లు వారు తెలంగాణపు చిన్నరైతుల చేలలో తిరిగిరి. పందిరి యొక్కటియే చాలదనియు, విత్తనము, సలహా, బ్యాంకు అప్పు, సరకు కొనువాడు అన్నియు కలిసిననే రైతు ముందుకు వచ్చుననియు చేలలోనే నేర్చిరి. బోస్టనులోని రంగస్థలముమీద నేర్వలేదు.

పెంపకము లేమివలన కలుగు నష్టమెంతయో చింతకింది మల్లేశముగారి చరిత్రవలన తెలియును. ఆయన నేటి యాదాద్రి జిల్లా ఆలేరు ప్రాంతమువాడు; చదువు ఆఱవ తరగతితో ఆగినది. పోచంపల్లి పట్టుచీరకు రంగులద్దకముందు ఆసు పోయవలయును. ఒక్కొక్క చీరకు తల్లి లక్ష్మిగారు మేకులచుట్టు నూలును 9,000 సారులు చేయి చాచి త్రిప్పవలసివచ్చుచుండెను, భుజములు పడిపోవుచుండెను. ఆ బాధ చూడలేక 1992లో యంత్రము చేయబూనెను. ఇరుగుపొరుగు నవ్విరి. అప్పులైనవి. హైదరాబాదుపోయి కూలికి పనిచేసి, ఆ సొమ్ముతో విడిభాగములు కొనెను. 1999లో బాలానగరమున పనిచేయుచుండగా కంటబడిన వేఱొక యంత్రపు కదలికవలన తన యంత్రపు ఆఖరిచిక్కు విడిపోయెను. దానికి తల్లిపేర లక్ష్మీ ఆసుయంత్రమని నామకరణము చేసెను. పిమ్మట హైదరాబాదు పల్లె సృజన సంస్థవారు, బ్రిగేడియరు గణేశముగారు, ఆయనను వెలుగులోనికి తెచ్చిరి. 2009లో నేషనల్ ఇన్నొవేషన్ ఫౌండేషను గౌరవమును, 2017లో పద్మశ్రీయును లభించెను. ఇందు ఆనందింపదగినది ఎంతగలదో చింతింపదగినదియు అంతే గలదు. 1992లోనే ఎవరైన నొక మనుష్యుడు ఆయన చేయిపట్టి బాలానగరపు కర్మాగారమునకు తీసికొనిపోయియున్నచో ఆ ఏడేండ్లలో ఎన్ని యేండ్లు మిగిలియుండునో! ఆలేరు చుట్టుప్రక్కల ఎందఱు తల్లుల భుజములు అంతముందుగా ఊరట చెందియుండునో!

ఇక మన పలనాటి సంగతి. నరసరావుపేట ముఖ్యస్థానముగా 2022 ఏప్రిల్ 4న ఇది ప్రత్యేకజిల్లా యైనది. సాగరు కుడికాలువ ఒకప్రక్క, మెట్టనేలలు ఒకప్రక్క. ప్రత్తి, మిరప ముఖ్యమైన పంటలు. మాచర్లలో సిమెంటు, పిడుగురాళ్లలో సున్నపు బట్టీలు, దుర్గిలో శిల్పులు. కళాశాలలు గలవు, ప్రతియేడును వందలకొలది ఇంజనీర్లు బయటికి వచ్చుచున్నారు. వారిలో పెక్కురు రెండవనాడే హైదరాబాదో, బెంగుళూరో బస్సెక్కుచున్నారు. ఉన్నవారిలో పోటీలకు పోవువారి ఆలోచనలను గమనించినచో, తఱచుగా అవి నగరవాసుల సౌకర్యమునకు సంబంధించినవై యుండును. వాహనములు నిలుపుట కొక ఉపాయము, భోజనము తెప్పించుట కొక ఉపాయము! పిల్లల తప్పు కాదు. తీర్పరులు నగరవాసులు, వారి కర్థమగు బాధనే పిల్లలు ఎన్నుకొందురు.

మిరపరైతు బాధ వారికి ఎవరు చెప్పిరి? 2021-22 పంటకాలమున నల్లతామరపురుగు గుంటూరు, పలనాటి మిరపచేలమీద విరుచుకొనిపడినది. పూవులోనే దూరి, పూత రాల్చి, కాపు లేకుండ చేసినది. మందుమీద మందు కొట్టి అప్పులపాలైనవారును, తోటలు దున్నివేసినవారును మన గ్రామములలో గలరు. ఆ పురుగు మనదేశమున మొదటిసారి 2015లో బెంగుళూరు ప్రాంతమున బొప్పాయి చెట్లపై కనబడినది. ఆఱేండ్లు దాని వార్త కర్ణాటకమునుండి కారెంపూడికి చేరలేదు. రైతు చేతనున్న ఫోనుద్వారా పూవు ఛాయాపటము తీసి, ఇది ఏ పురుగు, ఏ గ్రామమున ఎంత వ్యాపించినది యని ముందుగా హెచ్చరింపగల సాధనము చేయుట మన ఇంజనీరు బాలురకు అసాధ్యమా?

కళ్లములో మఱియొక కథ. కాయ కోసిన పిమ్మట పదిపదునైదు దినములు ఎండలో ఆరవేయవలయును. ఆ నడుమ అకాలవర్షము పడిన రంగు పోవును. తడి నిలిచిన బూజుపట్టి విషము పుట్టును. ఆ విషము లెక్కకు మించినచో పరదేశపు రేవులలో సరకు త్రిప్పి పంపుదురు. టార్పాలిను పట్టాయే నేటికిని మన రైతునకు గల రక్షణ. నాలుగెకరముల కాపుదారు భరింపగల ఆరబెట్టు యంత్రము, కాయలోని తేమను క్షణములో చెప్పు చౌక సాధనము, కోతకూలీ స్త్రీల చేతులు మండకుండ కాపాడు ఉపకరణము, సున్నపుబట్టీల ధూళిని అణచు ఉపాయము: ఇవి మన ప్రశ్నలు. ప్రశ్న మనదైననాడు బహుమానముతో పని లేకయే కొనువాడు దొరకును.

ఇందు మన భూస్వాములకును, వర్తకులకును గల బాధ్యతను గూర్చి దాచక వ్రాయవలసియున్నది. తీరిన కమతము, జిన్నింగుమిల్లు, కోల్డుస్టోరేజి గలవారు ఈ పత్రిక చదువువారిలో పెక్కురు గలరు. ఒక యువకుడు తన యంత్రమును పరీక్షించుకొనుట కొక అరయెకరము చేను, ఒక పంటకాలము, అడిగినచో ఎందఱు ఇత్తురు? ఏటా ఎండకును వానకును నష్టపోవు సరకులో అది నూఱవవంతు కాదు. సంస్థకు మూలధన మడిగినచో నెలకు నూటికి రెండురూపాయల వడ్డీకి ప్రామిసరీనోటు వ్రాయించుకొందుము. గ్రాహము లండనులో వ్రాయించుకొనలేదు. వడ్డీకి మాఱుగా చిన్నభాగము పుచ్చుకొని లాభనష్టములలో పాలుపంచుకొనుట మనకు తెలియని విద్యయా? పాలికాపు సేద్యము, కౌలు, కోరు తరతరములుగా చేయుచున్న వారము. పిల్లనిచ్చునపుడును కుఱ్ఱడు హైదరాబాదులో నెలజీతగాడా యనియే అడుగుదుము. నరసరావుపేటలో ముగ్గురికి పని కల్పించుచున్నవాడు వరుల పట్టికలోనికే రాడు. ఈ సంగతి నవ్వులాటగా వ్రాయుటలేదు. ఊరు విడిచిపోవువారిలో ఈ కారణముచేతనే పోవువారును గలరు.

ధనముకన్న దుర్లభమైనది పెద్దల కాలము. నరసరావుపేట, సత్తెనపల్లి, చిలకలూరిపేట పట్టణములలో ముప్పదియేండ్లు మిల్లు నడిపినవారు, విద్యుచ్ఛాఖలోను నీటిపారుదలశాఖలోను పనిచేసి విరమించినవారు, లేతుమర ముందు జీవితము గడపిన మిస్త్రీలు గలరు. సరకు ఎక్కడ అమ్ముడుపోవును, ఏ వర్తకుడు బాకీ ఎగవేయును, ఏ బేరింగు ఎండకు ఆగదు అను విషయము లండను మార్గదర్శికి తెలియదు. మన మిస్త్రీకి తెలియును. నెలకు రెండు ఆదివారములు ఇట్టివారు పదిమంది పిల్లలతో కూర్చున్నచో అది ఏ పోటీకన్న ఎక్కువ ఫలించును. ఆడపిల్లలు ఇట్టి కూటములకు వచ్చుటకు ఇండ్లలో అనుమతి దొరకవలయునన్న, వానిని రాత్రివేళ హోటళ్లలో గాక పగటివేళ కళాశాలలలో నడుపవలయును. మిరపకోతలోను ప్రత్తితీతలోను చేతులు మండునది స్త్రీలకు; ఆ బాధకు మందు వారికే ముందుగా తోచును.

ప్రభుత్వమును, కేంద్రములను నడపువారిని కోరదగినవి కొలదియే. మాచర్ల బాలుడు మంగళగిరికి పోయి ఐదు నిమిషములు మాటలాడి వచ్చుట కొక దినము వ్యయమగును. తీర్పరులే మాచర్లకు రావచ్చును. తీర్పరులలో సగము మంది ఆ సరకు కొనవలసిన రైతులును, కూలీలును, వర్తకులును కావలయును. బండలాగుడు పోటీవలె పండ్లు చూచి విభాగములు చేయవలయును: ఆలోచన మాత్రమే యున్నవారు ఒకచోట, యంత్రము చేసినవారు ఒకచోట, పదుగురికి అమ్మినవారు ఒకచోట. ఇప్పుడు తియ్యగా ఆంగ్లము మాటలాడువాడు మువ్వురిని గెలుచుచున్నాడు. బహుమానములో నాలుగవవంతు ఆనాడిచ్చి, తక్కినది ఒక పంటకాలము చేనిలో పనిచేయించి చూపిన పిమ్మట ఈయవలయును. బండపందెమున గిత్త వంశావళిని ఎవరు చదివినను ప్రయోజనము లేదు. నిర్ణీతకాలములో బండ ఎన్ని అడుగులు కదలినదో గొలుసుపెట్టి కొలుతురు. ఓడినవానికిని ఎందుచేత ఓడితివో చెప్పి, మార్గదర్శినొకనిని అప్పగించి పంపవలయును.

మాఘ ఫాల్గుణములలో గురజాల, దాచేపల్లి, కారెంపూడి గ్రామముల కళ్లములన్నియు మిరపతో నిండును. ఆరబెట్టు యంత్రముల పోటీ జరుపదలచినవారు భవనముకొఱకు వెదకనక్కఱలేదు. ఆ రోజులలో ఏదైన నొక కళ్లమును పుచ్చుకొని, పది పట్టాలు పఱచి, ఒక్కొక్క జట్టునకు పది బస్తాల పచ్చికాయ యిచ్చి, వారము దినములు వదలిపెట్టవలయును. తీర్పరులకు కుర్చీలు అచ్చటనే, తుమ్మచెట్టు నీడను వేయింపవచ్చును.